ఒక్క నెల అద్దె ఆలస్యమైతే నాలుగు లక్షలు పోతాయా?

ప్రశ్న: మాది ఒంగోలు. చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌లో నా జీతం 46,000 రూపాయలు. నా భార్యకు కుట్టుపని మీద 8,000 వస్తుంది. అద్దె కాక ఇంటి ఖర్చు 26,000. లాయర్‌పేటలో 42 లక్షల ఇంట్లో మూడేళ్లు అద్దెకుండి, తర్వాత అదే ధరకు కొనుక్కునేలా మాట్లాడుకున్నాం. ఇప్పుడు 4 లక్షలు కట్టాలి. అద్దె 16,000, అందులో 5,000, ఈ 4 లక్షలు ధరలో తగ్గిస్తారు. ఏ నెలైనా అద్దె 5వ తేదీ దాటితే ఒప్పందం రద్దు, డబ్బు వాపసు లేదు. 2 లక్షల ఎఫ్‌డీ తీసేసి, మిగతా 2 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. అయితే పేపరు సంగతి తర్వాత. అత్యవసర నిధిని ఇంటి అడ్వాన్సులో పోసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టే మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను.

మీ కుటుంబానికి ఆపదలో అక్కరకొచ్చేది ఆ ఎఫ్‌డీ ఒక్కటే. మామూలు అద్దె ఇంట్లో ఒక నెల ఆలస్యమైతే యజమాని నాలుగు మాటలంటాడు, అంతే. ఈ ఒప్పందంలో ఆరో తేదీకి మీ 4 లక్షలు పోతాయి. మీరున్నదేమో విదేశీ ఆర్డర్ల మీద నడిచే రంగం. జీతం పది రోజులు ఆలస్యం కావడం మీకు కొత్తేమీ కాదు. అద్దెతో కలిపి మీ నెల ఖర్చు 42,000. ఆపదకు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలంటే రెండున్నర లక్షలు కావాలి. చేతిలో ఉన్నదే తక్కువ, దాన్నీ ఇచ్చేస్తానంటున్నారు!

ఇక ఆ వడ్డీ. నెలకు 4,000 చొప్పున మూడేళ్లలో 1,44,000 కట్టాక కూడా అసలు 2 లక్షలు అలాగే ఉంటుంది. ఇంకా కొనని ఇంటికి ఇంత వడ్డీ ఎందుకు కట్టాలి?

మూడేళ్లు సాఫీగా గడిచాయనుకుందాం. మీరిచ్చిన 5.8 లక్షలు (ముందిచ్చిన 4 లక్షలు, నెలకు 5,000 చొప్పున 1.8 లక్షలు) పోను 36.2 లక్షలు కావాలి. ఈ స్థాయి గృహరుణంలో బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వదు, అంటే 33.6 లక్షలు. మిగిలిన 2.6 లక్షలకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం కలిపితే దాదాపు 5.75 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి. ఇరవై ఏళ్లకు, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి చూసినా వాయిదా 29,000 దాటుతుంది. ఇంటి ఖర్చు కలిపితే మీ ఇద్దరి సంపాదనా చాలదు. మీ భార్య ఆదాయం బ్యాంకు లెక్కలోకి రావాలంటే ఇప్పటినుంచే ఆదాయపు పన్ను రిటర్నులు వేయించండి.

ధర ముందే ఖాయం చేసుకోవడం మంచి ఆలోచనే, కాదనను. షరతులే మారాలి. ముందు కట్టేది లక్షకు మించకూడదు. అదీ కూడబెట్టిన డబ్బే కావాలి. అద్దె ఆలస్యమైతే కొద్దిపాటి జరిమానా, అరవై రోజుల గడువు, రాతపూర్వక నోటీసు ఇచ్చాకే రద్దు అని రాయించండి. ఒప్పందం రద్దయినా నెలకు 5,000 చొప్పున అదనంగా కట్టింది వాపసు రావాలి. యజమానే మాట తప్పితే మొత్తం వడ్డీతో సహా తిరిగివ్వాలి. అందుకు ఆయన ఒప్పుకోకపోతే, మీరు ఇల్లు కొనలేకపోవడమే ఆయనకు లాభమని అర్థం.

ఏడాదికి మించిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాల్సిందే. కొనుగోలు షరతులూ అందులోనే ఉండాలి. ముందుగా ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) తీయించి, ఇంటి మీద ఆయనకు అప్పుందేమో చూసుకోండి. డబ్బంతా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఇంటి బేరంలో 20,000, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకుంటే గృహరుణానికి ముందే తీసుకోండి. ఎఫ్‌డీని మాత్రం కదపకండి; అది రెండున్నర లక్షలయ్యాక యజమానితో మళ్లీ మాట్లాడండి. అప్పటిదాకా ఆయన ఆగనంటే ఆ ఇల్లు వదిలేయండి.