పొంచి వినేవాడి చెవిలో హోరు

ప్రశ్న: ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నాను. వైర్‌లెస్ సెక్యూరిటీ అంటే ఇష్టం. నాన్నగారు మూడు నెలల ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేరమంటున్నారు. చేరమంటారా?
– ఓ విద్యార్థి, భీమవరం

జవాబు: ఆ ఫీజు డబ్బులు దాచుకోండి. అక్కడ టూల్స్ నడపడం వస్తుందేమో గానీ, మీరు అడుగుతున్న సబ్జెక్టు రాదు.

గాలిలో పోయే సిగ్నల్ ఎవరి చెవినైనా పడుతుంది. పెద్ద యాంటెన్నా ఉన్నవాడు పక్క వీధిలో కూర్చునే పట్టేస్తాడు. ఇవాళ అర్థం కాకపోయినా దాచుకుని, గట్టి క్వాంటం కంప్యూటర్ వచ్చాక విప్పుకోవచ్చు. ఈ భయంతోనే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో క్వాంటం కంప్యూటర్‌కూ లొంగని మూడు కొత్త క్రిప్టోగ్రఫీ (సందేశాన్ని సంకేతంగా మార్చి దాచే విద్య) ప్రమాణాలు విడుదల చేసింది.

ఈసీఈ వాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. నాకైతే అదే ముచ్చట. పొంచి వినేవాడికి మనవాడి కన్నా నాయిస్ (సిగ్నల్‌ను చెడగొట్టే హోరు) ఎక్కువగా అందితే, ఏ కీ (ఇద్దరికే తెలిసిన రహస్య సంఖ్య) లేకుండానే రహస్యం దాచవచ్చని 1975లో ఆరన్ వైనర్ అనే శాస్త్రవేత్త చూపించారు. మరి వాడే మనకు దగ్గరగా ఉంటే? అప్పుడు నాయిస్ మనమే కలుపుతాం. రెండు యాంటెన్నాలు, అవతల మీ స్నేహితుడి ఫోన్. అక్కడికి రెండు దారుల బలం హెచ్1, హెచ్2 అనుకోండి. ఒకే నాయిస్‌ను మొదటి యాంటెన్నాలో హెచ్2తో, రెండోదాంట్లో మైనస్ హెచ్1తో గుణించి పంపితే ఫోన్ దగ్గర సున్నా అవుతుంది. వేరేచోట ఉన్నవాడికి హోరే. మ్యాథ్స్‌లో బట్టీపట్టి వదిలేసిన నల్ స్పేస్ (మ్యాట్రిక్స్‌తో గుణిస్తే సున్నా అయ్యే వెక్టర్లు) ఇదేనండీ! వాడూ యాంటెన్నాలు పెంచుకుంటే ఈ ఎత్తు పారదు. అక్కడి నుంచే అసలు పరిశోధన.

నాన్నగారికి దాచకుండా చెప్పండి: బీటెక్‌తో నేరుగా ఈ పనిలో ఉద్యోగాలు తక్కువ. గేట్ రాసి, కమ్యూనికేషన్స్‌లో ఎంటెక్ చేయాలి. క్రిప్టోగ్రఫీ వైపు మనసు లాగితే కోల్‌కతా ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో క్రిప్టాలజీ అండ్ సెక్యూరిటీ ఎంటెక్ ఉంది. హైదరాబాద్‌లోనే డీఆర్‌డీఓ వారి ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల డీఎల్‌ఆర్‌ఎల్, హెచ్‌సీయూ ప్రాంగణంలో గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ పరిశోధనల సి.ఆర్. రావు సంస్థ ఉన్నాయి.

ఈలోగా పైన చెప్పిన లెక్కను పైథాన్‌లో రాసి, ఫోన్ దగ్గరా, దొంగ దగ్గరా ఎర్రర్ రేటు (ఎన్ని బిట్లు తప్పుగా అందాయన్న లెక్క) గ్రాఫు గీయండి. (పక్కింటి వైఫై మీద మాత్రం ప్రయోగాలొద్దు, నేరం.) నాయిస్ పెంచేకొద్దీ దొంగ గీత పైకి పోవాలి, ఫోన్ గీత కదలకూడదు. అదీ కదిలిందంటే ఎక్కడో మైనస్ మర్చిపోయారన్నమాట.