కేసు షీటు అడిగితే కోర్టు ఆర్డరు తెమ్మంటున్నారా? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మకు కర్నూలులో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో గాల్ బ్లాడర్ ఆపరేషన్ చేయించాం. ఇంటికొచ్చాక చీము పట్టి, మళ్లీ ఇంకోచోట చేర్చాల్సి వచ్చింది. మొదటి ఆసుపత్రివాళ్లను కేసు షీటు అడిగితే, "డిశ్చార్జి సమ్మరీ ఇచ్చాం కదా, మిగతావి కోర్టు ఆర్డరు ఉంటేనే" అంటున్నారు. – ఒక పాఠకుడు, ఎమ్మిగనూరు

జవాబు: కోర్టు ఆర్డరు అక్కర్లేదు. వైద్యుల ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలి. చేర్చుకున్న రోగుల రికార్డులను వైద్యం మొదలైన తేదీ నుంచి మూడేళ్లు దాచాలి. ఆ గడువు దాటాక అడిగితే "లేవు" అనే జవాబు రావచ్చు, అందుకే ఆలస్యం చేయొద్దు.

పని చెడేది ఎక్కువగా అడిగే తీరులోనే. నోటిమాటగా అడిగితే అడిగినట్టు రుజువుండదు. కొడుకు సంతకంతో అర్జీ ఇస్తే రోగి అడగలేదని తిప్పి పంపుతారు. అమ్మగారి సంతకంతోనే రాయించండి. కాపీలు మీకివ్వమని అదే కాగితంలో రాసి, ఇద్దరి ఆధార్ జిరాక్సులు పెట్టండి. ఊరికే "రికార్డులు" అనకుండా ఒక్కొక్కటి పేరు పెట్టి అడగండి: అడ్మిషన్ షీటు, సమ్మతి పత్రాలు, ఆపరేషన్ నోట్సు, మత్తుమందు చార్టు, నర్సుల చార్టు, మందుల చార్టు, ల్యాబ్, స్కానింగ్ రిపోర్టులు, వివరాలతో కూడిన బిల్లు. చీము కేసులో ఆపరేషన్ నోట్సు, ఆ తర్వాతి రోజుల జ్వరం, నాడి రాసిన నర్సుల చార్టు ప్రాణం లాంటివి. డిశ్చార్జి సమ్మరీలో అవి ఉండవు. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిపై ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే అందినట్టు రుజువు తిరిగొచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి.

72 గంటలు దాటినా ఇవ్వకపోతే రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయొచ్చు. రికార్డులివ్వకపోవడాన్నే సేవాలోపంగా చూపి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లొచ్చు. మీరు కాపురముండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు. ఆసుపత్రికి కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరడిగే పరిహారం ఎంతన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. గడువు రెండేళ్లు. నిపుణుడి సాక్ష్యం లేనిదే కేసు నిలవదని భయపెడతారు. హైదరాబాద్‌లో మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేశారంటూ వి. కిషన్‌రావు వేసిన కేసులో, ప్రతి కేసుకూ నిపుణుడు అవసరం లేదని సుప్రీంకోర్టు 2010లో తేల్చింది. అయినా రెండో ఆసుపత్రి డాక్టరు ఏం కనుగొన్నారో రాయించుకుంటే మీ కేసుకు బలం.

పోలీసు స్టేషన్‌కు మాత్రం ముందే పరుగెత్తకండి. జేకబ్ మాథ్యూ కేసు (2005) తర్వాత, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప డాక్టరుపై క్రిమినల్ కేసు నిలవదు. దానికీ ముందు మరో వైద్యుడి స్వతంత్ర అభిప్రాయం కావాలి.

ప్రశ్న: హైవేపై దెబ్బలు తగిలినవాణ్ని తీసుకెళ్తే "పోలీసులు రానీ, అడ్వాన్సు కట్టనీ" అన్నారు. అలా అనొచ్చా? – ఒక పాఠకుడు, గుత్తి

జవాబు: అనకూడదు. పరమానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది: సర్కారుదైనా ప్రైవేటుదైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు కాగితాలు తర్వాత. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ కూడా డ్యూటీ డాక్టరుపై ఇదే బాధ్యత పెట్టింది. సౌకర్యాల్లేక వేరేచోటికి పంపాలంటే ప్రథమ చికిత్స చేసి, టైము వేసిన రెఫరల్ చీటీ ఇవ్వాలి. ఆ చీటీ లేకుండా బండి కదలనివ్వకండి. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద, గుర్తించిన ఆసుపత్రుల్లో ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు 1.5 లక్షల దాకా నగదు కట్టకుండా వైద్యం అందుతుంది. తీసుకొచ్చిన మీపై కేసు పెట్టరు, సాక్షిగా ఉండమని బలవంతం చేయరు. 134ఎ సెక్షన్ మీకు రక్ష.

ప్రశ్న: కణితి తీస్తామని ఆపరేషన్‌కు తీసుకెళ్లి గర్భసంచి కూడా తీసేశారు. నేను మత్తులో ఉండగా మా ఆయనతో సంతకం పెట్టించుకున్నారంట. – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ శరీరానికి సంబంధించిన సమ్మతి మీరే ఇవ్వాలి. సమీరా కోహ్లీ కేసు (2008) అచ్చం ఇలాంటిదే. పరీక్ష కోసం మత్తిచ్చి, తల్లి సంతకంతో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. స్పృహ వచ్చాక అడగగలిగినప్పుడు బంధువు సంతకం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికప్పుడు తీయకపోతే ప్రాణానికి ముప్పు అన్న పరిస్థితి ఒక్కటే మినహాయింపు. తర్వాత మళ్లీ ఆపరేషన్ అక్కర్లేకుండా ఒకేసారి తీశామంటే కుదరదు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి కేసులోనూ (2009) బయాప్సీకి, అంటే పరీక్ష కోసం చిన్న ముక్క తీయడానికి, సమ్మతి తీసుకుని కణితి తీశారు, యువకుడి కాళ్లు చచ్చుబడ్డాయి. కోర్టు కోటి రూపాయలిప్పించింది. మీరు ముందుగా సంతకం చేసిన పత్రం, మీ భర్త చేసిన పత్రం, తీసిన భాగాల బయాప్సీ రిపోర్టు వెంటనే తెచ్చుకోండి. ఆపరేషన్ నోట్సులో అత్యవసరమని రాశారా లేదా అన్నదే కేసుకు కీలకం.

ప్రశ్న: పెద్దాసుపత్రిలో ఉచిత వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే వినియోగదారుల కేసు వేయొచ్చా? – ఒక పాఠకురాలు, కడప

జవాబు: అందరికీ పూర్తిగా ఉచితమైన చోట కుదరదని వి.పి. శాంత కేసు (1995) తీర్పు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రైతే ఉచిత రోగి కూడా వినియోగదారే. సర్కారు ఆసుపత్రి కేసు షీటుకు సమాచార హక్కు అర్జీ పెట్టండి, ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఏడాది లోపు రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫీజు లేకుండా ఫిర్యాదు పంపొచ్చు. పరిహారానికి హైకోర్టులో రిట్ (హక్కులకు భంగం కలిగిందని నేరుగా హైకోర్టుకు పెట్టే అర్జీ) వేయొచ్చు. వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో (1996) సుప్రీంకోర్టు చెప్పింది. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలునిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.