నొప్పి తగ్గిన వారమే జాగ్రత్త

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. "పదహారు రోజులైంది అత్తా, నొప్పి లేదు, గోడలు చూసి చూసి పిచ్చెక్కుతోంది. ఆదివారం మా ఆఫీసు గుంటలంతా రుషికొండలో సర్ఫింగ్‌కి వెళ్తున్నారు, నేను ఒడ్డున కూర్చుంటానులే" అన్నావు. ఒడ్డున కూర్చునే రకమా నువ్వు? భీమిలిలో పాదాలు తడుపుకుంటానని వెళ్లి జడ దాకా తడిసొచ్చిన దానివి.

రొమ్ముల్లో ఇంప్లాంట్లు పెట్టించుకునే ఈ ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నావని నేను అడగలేదు, అడగను. మీ నాన్నకి చెప్పడం, మానడం నీ ఇష్టం. థియేటర్లో ముప్పై ఏళ్లు నర్సుగా నిలబడ్డదాన్ని. అపెండిక్స్‌కి వేసినా దీనికి వేసినా నాకు కుట్టు కుట్టే. అందుకే నీ సర్జన్ ఇచ్చిన కాగితంలో ఏముందో దానికే మొదటి ఓటు, నా మాటకి రెండో ఓటు.

ఆ ముప్పై ఏళ్లలో ఒకటి గమనించాను. మొదటి వారంలో ఎవరూ తప్పు చెయ్యరు, నొప్పే కాపలా కాస్తుంది. మూడో వారానికి ఆ కాపలావాడు వెళ్లిపోతాడు. లోపల పని మాత్రం అప్పటికి సగం కూడా అయ్యుండదు. డాక్టరు లోపల ఒక జేబులా చేసి ఇంప్లాంట్ పెడతాడు. దాని చుట్టూ మన ఒళ్లే సన్నటి పొర అల్లుకుంటుంది, ఆ అల్లికకి వారాలు కావాలి. పైగా నీకు కండరం కింద పెట్టారన్నావు. నువ్వు దేన్నయినా తోసినా, లాగినా, ఎత్తినా బిగుసుకునేది ఆ ఛాతీ కండరమే. అది బిగిసినప్పుడల్లా కిందున్నదాన్ని నొక్కుతుంది, చోటు తప్పించగలదు. గుండె దడదడలాడేంత పని చేస్తే రక్తపోటు పెరిగి లోపల రక్తం చిమ్మే ప్రమాదమూ ఉంది, మొదటి రెండు వారాల్లో మరీను. పరుగు, డాన్సు, షటిల్, జిమ్ అన్నీ ఆరు వారాలు నిండి డాక్టరు సరేనన్నాకే.

నీకు బుద్ధులు చెబుతున్నాను గానీ నేనేం తక్కువ తినలేదు. పిత్తాశయం తీయించుకున్న పదో రోజున నొప్పి లేదు కదా అని నీళ్ల బకెట్ మేడ మీదకి మోశాను. కుట్టు దగ్గర హెర్నియా దిగి మళ్లీ అదే బల్ల ఎక్కాను. నర్సమ్మగారే ఇలా చేస్తే ఎలాగని కుర్ర డాక్టరు నవ్వాడు. ఆ నవ్వు నొప్పి కంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇప్పుడు నీకు చాలా మంచిది నడకే. పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా చూసేది కూడా అదే. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు కదా, బేగి లేచి ఆ వేళకి వెళ్లు. కాళీమాత గుడి దగ్గర మొదలెట్టి సబ్‌మెరైన్ దాకా, అలసిపోతే మధ్యలోనే వెనక్కి. పక్కమనిషితో మాట్లాడుతూ నడవగలిగినంత జోరు చాలు. ఇసకలోకి దిగకు, కాలు జారితే ముందు చేతులే ఆనుతాయి. ఆ కుర్సురా సబ్‌మెరైన్ లోపలికి మాత్రం ఇప్పుడు వద్దు. 2002 నుంచి మ్యూజియంగా ఉంది, ఇంకో రెణ్ణెల్లు అక్కడే ఉంటుంది. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, దూరేటప్పుడు చేతులతో ఒంటిని లాక్కోవాలి. కైలాసగిరికి కారులో వెళ్లి, రద్దీ లేని రోజు చూసి టాయ్ ట్రైన్‌లో ఓ చుట్టు తిరుగు. మెట్ల దారి వద్దు. సింహాచలం కూడా అంతే, కొండ మీదకి బస్సు ఉంది గానీ క్యూలో మోచేతులు ఎవరివి ఎక్కడ తగులుతాయో అప్పన్నకే తెలియాలి.

అరకు అడిగావు. ఆరు వారాలు దాటనీ, నేనూ వస్తాను. ఘాట్ రోడ్డు కుదుపులు కాకుండా రైల్లో, అద్దాల పెట్టెలో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ. సామాను పైకి నేనెక్కిస్తాను. బొర్రా గుహల మెట్లు నీ కోసం కాకపోయినా నా మోకాళ్ల కోసం మానేద్దాం.

ఇంట్లో ఆటలున్నాయి. అష్టాచెమ్మా, వామనగుంటలు నేల మీద కాకుండా బల్ల మీద పెట్టుకో. ఆడినంతసేపూ బాగానే ఉంటుంది, నేల మీంచి లేచేటప్పుడే రెండు చేతులూ ఆన్చి ఒళ్లంతా ఎత్తుతాం. అది ఎవరికీ గుర్తుండదు. క్యారమ్స్ ఆగనీ, అవతలి మూల కాయిన్ కోసం మీద పడిపోతావు. లేసు అల్లుకో, మోచేతులు ఒంటికి ఆనించి చేసే పని. పుస్తకాలకి ద్వారకానగర్ లైబ్రరీ ఉంది, పై అరలో పుస్తకం ఎవరినైనా తీసిమ్మను. చదివేటప్పుడు ఒళ్లో దిండు పెట్టుకో. కామెడీ సినిమా చూస్తే ఆ దిండునే ఛాతీకి మెత్తగా అదుముకో. పగలబడి నవ్వితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కాలక్షేపానికని వంటింట్లో దూరకు. కొబ్బరి కోరడం, పిండి పిసకడం, బట్టలు పిండడం మూడూ ఛాతీ కండరం మీదే పడతాయి. ఇప్పటికి రెండు లీటర్ల నీళ్ల సీసా కంటే బరువైంది ఎత్తకు. ఇరవై లీటర్ల డబ్బా వైపు చూడనైనా చూడకు. పడక వెల్లకిలా, తల కింద ఎత్తుగా. వాళ్లిచ్చిన బ్రా చెప్పినన్నాళ్లూ ఉండాల్సిందే, లోపల తీగ ఉన్నవి ఇప్పుడే వద్దు. స్కూటీ వద్దు, మన రోడ్ల సంగతి నీకు చెప్పాలా? కారులో బెల్ట్ మానెయ్యకు, మధ్యలో మడత తువ్వాలు పెట్టుకో.

ఒక పక్క ఉన్నట్టుండి ఉబ్బి బిగుసుకుపోయినా, ఎరుపు పాకినా, చీము కారినా, జ్వరం 100.4 దాటినా, పిక్క వాచి నొప్పెట్టినా, ఊపిరి అందకపోయినా నాకు ఫోన్ చెయ్యకు. ఆ గంటలోనే నేరుగా ఆసుపత్రికి వెళ్లు. దారిలో ఉన్నప్పుడు నాకు చెప్పు.

ఆదివారం రుషికొండ కుదరదు. కుట్లు పూర్తిగా మానకుండా సముద్రపు నీరు తగలకూడదు, ఎండా మచ్చలకి మంచిది కాదు, ఏడాది దాకా వాటిని కప్పుకునే తిరగాలి. పైగా నీ స్నేహితురాళ్లు చెయ్యి పట్టి లాగకుండా ఉంటారా? సాయంత్రం నాలుగింటికి కారు పంపిస్తాను, పెదవాల్తేరు వచ్చెయ్. మా మేడ మీంచి సముద్రం కనిపిస్తుంది. మురీ మిక్చర్ తెప్పిస్తాను, నిమ్మకాయ నేనే పిండుతాను. గవ్వలు నా దగ్గరున్నాయి. పోయినసారి నువ్వు దాచేసిన నాలుగో గవ్వ పట్టుకురా.

నీ అత్త