పాఠకుల ప్రశ్న: మర తిప్పకుండా ట్యూనింగ్ ఎలా?

ప్రశ్న: మా తాతగారు ఇక్కడి మైకా గనుల్లో పలకలు చీల్చే పని చేసేవారు. ఆ మైకా రేడియో కండెన్సర్లలోకి వెళ్తుందని చెప్పేవారు. ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి ఇప్పుడు వోల్టేజీతో ట్యూన్ అయ్యే, నష్టం తక్కువగా ఉండే సిరామిక్‌ల గురించి చెబుతోంది. మైకా చేయలేని ఏ పనిని అవి చేస్తాయి?
– ఒక పాఠకురాలు, సైదాపురం, నెల్లూరు జిల్లా

జవాబు: మీ తాతగారి పనికీ మీ అమ్మాయి చదువుకూ దగ్గరి చుట్టరికమే ఉంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో కండెన్సర్లకు కావలసిన మైకాకు కొరత ఏర్పడినప్పుడు, బదులు పదార్థం కోసం సాగిన వెతుకులాటలోనే అమెరికా, జపాన్, సోవియట్ రష్యాలలో విడివిడిగా బేరియం టైటనేట్ గుణాలు బయటపడ్డాయి. నేడు మనం మాట్లాడుకునే సిరామిక్, అంటే దానికి స్ట్రాన్షియం కలిపిన బేరియం స్ట్రాన్షియం టైటనేట్, దాని సంతతే.

మైకా గొప్పతనం దాని నిలకడ. కత్తి మొన ఆనించి విడదీస్తే కాగితం కన్నా పలుచగా ఊడివచ్చే ఆ రేకు డైఎలక్ట్రిక్ స్థిరాంకం (కండెన్సర్‌లో ఎంత విద్యుదావేశం నిలపడానికి ఆ పదార్థం తోడ్పడుతుందో చెప్పే సంఖ్య) 6 ప్రాంతంలో ఉండి, ఎంత వోల్టేజీ ఇచ్చినా దాదాపు మారదు. అందుకే పాత రేడియోలో స్టేషన్ మార్చాలంటే మర తిప్పి, గ్యాంగ్ కండెన్సర్ రేకులను కదిలించవలసి వచ్చేది. బేరియం స్ట్రాన్షియం టైటనేట్‌లో కదిలే భాగమే లేదు. ఆక్సిజన్ పరమాణువుల పంజరం నడుమ ఉండే టైటానియం అయాను మామూలుగా సులభంగా పక్కకు జరుగుతుంది కనుక స్థిరాంకం వేలల్లో ఉంటుంది. బయటి నుంచి డీసీ వోల్టేజీ ఇస్తే ఆ కదలిక బిగుసుకొని స్థిరాంకం తగ్గుతుంది. పేరులో స్థిరం ఉన్నా ఇక్కడ అది మన చేతిలో మారే సంఖ్య. పొర మందం ఒక మైక్రాన్ లోపు ఉంటే కొన్ని పదుల వోల్టులే సరిపోతాయి. ఎన్నో చిన్న యాంటెన్నాలను వరుసగా పేర్చిన ఫేజ్డ్ యారే యాంటెన్నాలో ఒక్కొక్క దానికి వెళ్ళే తరంగాన్ని ఇలా స్థిరాంకం మార్చి కాస్త ఆలస్యం చేస్తే, పళ్ళెం కదలకుండానే రాడార్ కిరణం పక్కకు తిరుగుతుంది.

చిక్కంతా నష్టం దగ్గర, అంటే సంకేతపు శక్తి వేడిగా పోవడం దగ్గర ఉంది. బేరియం టైటనేట్ క్యూరీ ఉష్ణోగ్రత, అంటే దాని స్ఫటిక నిర్మాణం మారి స్థిరాంకం శిఖరానికి చేరే ఉష్ణోగ్రత, సుమారు 120 డిగ్రీల సెల్సియస్. స్ట్రాన్షియం ఒక్కొక్క శాతం కలిపే కొద్దీ అది దాదాపు 3 డిగ్రీల చొప్పున దిగుతుంది. దానిని గది ఉష్ణోగ్రతకు దగ్గరగా తెస్తే ట్యూనింగ్ బలపడుతుంది గానీ, మైక్రోవేవ్ శక్తి వేడిగా పోవడమూ, ఎండకు చలికి స్థిరాంకం ఊగిపోవడమూ వెంటే వస్తాయి. అందుకని మెగ్నీషియం ఆక్సైడ్ కలిపి, 1300 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. అప్పుడు స్థిరాంకం, నష్టం రెండూ దిగుతాయి, ట్యూనింగ్ కూడా కొంత తగ్గుతుంది. ఆ కొంతను ఎంతకు ఆపగలమన్నదే ఈ రంగంలో అసలైన పని అని నా అభిప్రాయం.

కనుక మీ అమ్మాయి ఏదైనా పరిశోధన పత్రం చదివేటప్పుడు ట్యూనింగ్ శాతాన్ని (వోల్టేజీ ఇస్తే స్థిరాంకం ఎంత శాతం తగ్గుతుందో ఆ సంఖ్యను) ఒక్కదానినే చూడకూడదు. నష్టాన్ని తెలిపే టాన్ డెల్టా ఎంతో, ఆ రెండింటినీ ఏ పౌనఃపున్యం వద్ద, ఏ ఉష్ణోగ్రతలో, మైక్రానుకు ఎన్ని వోల్టులు ఇచ్చి కొలిచారో కలిపి చూడమనండి. కిలోహెర్ట్జ్‌లో బాగా కనిపించిన నమూనా 10 గిగాహెర్ట్జ్ వద్ద అంత బాగా ఉండకపోవచ్చు.