బెంగళూరులో ఫిట్టింగ్ చేయించుకుని కొన్న కొత్త గోల్ఫ్ డ్రైవర్‌తో దూరం ఎందుకు తగ్గింది?

డ్రైవర్ అంటే గోల్ఫ్‌లో బంతిని అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్ (కర్ర). ఫిట్టింగ్ అంటే మీ స్వింగ్‌ని (కర్ర ఊపడాన్ని) కొలిచి, క్లబ్‌ని మీకు తగ్గట్టు సెట్ చేయడం. చాలాసార్లు కారణం క్లబ్‌లో లోపం కాదు, మీ స్వింగ్ వేగానికి స్పిన్ (బంతి తన చుట్టూ తాను తిరిగే జోరు) మరీ తక్కువయ్యేలా దాన్ని సెట్ చేయడం. బంతిని గాల్లో నిలబెట్టేది వెనక్కి తిరిగే స్పిన్, అంటే బ్యాక్‌స్పిన్. అది చాలకపోతే బంతి జోరుగానే బయల్దేరి, ఉన్నట్టుండి కిందికి వాలిపోతుంది.

ఉదాహరణకి, గంటకు 90 మైళ్ల వేగంతో కొట్టేవారికి 9 డిగ్రీల లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం), నిమిషానికి 1,800 చుట్ల స్పిన్ వచ్చాయనుకోండి. ఫిట్టింగ్‌లో కొలిచే యంత్రం తెర మీద మొత్తం దూరం బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే నేల మీద దొర్లే దూరాన్నీ అందులో కలుపుతారు. వానలు పడ్డాక మెత్తబడిన ఫెయిర్‌వే (బంతి పడాల్సిన పచ్చిక దారి) మీద ఆ దొర్లడం ఎక్కడిది? అదే మనిషికి 12 డిగ్రీల లాఫ్ట్, 2,500 దరిదాపుల స్పిన్ ఉంటే బంతి గాల్లోనే ఎక్కువ దూరం వెళ్తుంది. ఇప్పటి డ్రైవర్లలో చాలావాటికి మెడ దగ్గర (కర్ర, క్లబ్ తల కలిసే చోట) స్క్రూ వదులు చేసి లాఫ్ట్ కొంత మార్చుకోవచ్చు, కాబట్టి వెంటనే అమ్మేయకండి.

స్పిన్ ఎంత తగ్గితే అంత దూరం అనేది అపోహ. చెన్నై వెళ్లి ఆడినప్పుడు తేమ గాలి బరువని దాన్ని తిట్టుకోవడం కూడా అంతే. తేమ గాలి నిజానికి కాస్త తేలిక. చెన్నైలో దూరం తగ్గేది బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున, బంతిని తక్కువగా అడ్డుకునే పలచటి గాలిలో ఉండటం వల్ల. అదీ నూటికి రెండు మూడు వంతులే.