చేస్తానన్నాడా, చూస్తానన్నాడా?

ప్రశ్న: అన్నగారూ, హెచ్1బీ మీద డల్లాస్ వచ్చి ఏడాదైంది. గ్రీన్ కార్డు ఆలస్యం గురించి మా కాంగ్రెస్‌మన్‌కి, అంటే దిగువ సభలో మా ప్రాంత ప్రతినిధికి, రాస్తే రెండు పేజీల జవాబు వచ్చింది. మా కష్టం తనకు తెలుసని, న్యాయమైన విధానం కోసం కృషి చేస్తానని రాశారు. ఆశ పెట్టుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, ముందు చెక్‌బుక్ లోపల పెట్టు. ఎందుకో చెప్తాను.

2008లో నాకూ అలాంటి ఉత్తరమే వచ్చింది. కవరు మీద స్టాంపు ఉండాల్సిన చోట మా కాంగ్రెస్‌మన్ సంతకం! నా కోసమే చేశాడనుకుని, వేలు తడి చేసుకుని రుద్ది చూశాను. సిరా అంటలేదు. అది అచ్చు సంతకం. అదే వాళ్ళకి స్టాంపు, 1775లో మొదలైన సౌకర్యం. ఇదేమీ తెలియక గుంటూరులో నాన్నగారికి ఫోన్ చేసి ఉత్తరమంతా తెలుగులో వినిపించాను. ఎమ్మెల్యేల చుట్టూ అర్జీలు పట్టుకుని తిరిగిన మనిషి ఆయన. అంతా విని, "ఇంతకీ చేస్తానన్నాడా, చూస్తానన్నాడా?" అన్నారు. నాకు కోపమొచ్చింది.

తర్వాతి వారం ఆఫీసులో లంచ్ దగ్గర ఒక సహోద్యోగి తనకొచ్చిన ఉత్తరం చూపించాడు. అతను రాసింది హెచ్1బీలు తగ్గించమని! మొదటి పేరా నాదీ అతనిదీ ఒకటే. చివరి వాక్యమూ ఒకటే: బిల్లు సభ ముందుకొస్తే మీ అభిప్రాయం గుర్తుంచుకుంటాను. మధ్యలో నాకు "ప్రతిభావంతులు", అతనికి "అమెరికన్ కార్మికులు". "న్యాయమైన విధానం" మాత్రం ఇద్దరికీ ఉంది. ఎవరికి న్యాయమో రాయలేదు కాబట్టి ఎవరికి వాళ్ళం తృప్తి పడ్డాం.

అప్పటికే నా తెలివితక్కువ పని జరిగిపోయింది. ఉగాది వేడుకలో ఆ కాంగ్రెస్‌మన్ ఎన్నికల ప్రచార బల్ల దగ్గర అడ్రస్ రాసిచ్చాను. విరాళం కవరు వచ్చింది, "మిత్రమా" అంటూ. ఆఫీసు ఉత్తరంలో డబ్బు అడగకూడదు, ప్రచార ఉత్తరంలో అడుగుతారు. రెండింటి మీదా ఒకే పేరు, నాకు తేడా తెలియలేదు. 250 డాలర్ల చెక్కు పంపేశాను. అప్పటి లెక్కలో పదివేల రూపాయలు! లాయరు మిత్రుడు విని తల పట్టుకున్నాడు. హెచ్1బీ వాళ్ళు ఎన్నికల విరాళం ఇవ్వకూడదు, గ్రీన్ కార్డు వచ్చాకే. రూల్స్ ఎఫ్‌ఈసీ (అమెరికా ఎన్నికల కమిషన్) సైట్లో ఉంటాయి, చదువుకో. చెక్కు ఆపించినందుకు బ్యాంకు 30 డాలర్లు కోసింది. ఆ నెల రెండు వారాలు పచ్చడి అన్నమే తిన్నాను.

వాళ్ళు సభలో మనకు అనుకూలంగా ఓటేసినా పని కాకపోవచ్చు. ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదనే పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జులైలో దిగువ సభలో 365–65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది. రెండూ కలవలేదు, బిల్లు మురిగిపోయింది. అవునని ఓటేసిన వాళ్ళందరూ "నేను మీ పక్షాన నిలిచాను" అని రాసుకోవచ్చు, అబద్ధం కాదు. పరిమితి మాత్రం అలాగే ఉంది.

అందుకే విధానాల గురించి కాదు, నీ సొంత ఫైలు ఎక్కడైనా ఇరుక్కుంటే రాయి. స్థానిక ఆఫీసులో కేసులు చూసే ఉద్యోగులుంటారు. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టిస్తారు, సంబంధిత శాఖను వాకబు చేస్తారు. పైసా ఖర్చుండదు. అదే పనికి ఎవడో కన్సల్టెంటు 200 డాలర్లు అడిగితే నా దగ్గరికి పంపు.

ఇంతకీ, ఆ జవాబు వచ్చాక ఇంకో కవరు కూడా వచ్చిందా? అది రాయలేదు నువ్వు.