బీటా సాఫ్ట్‌వేర్‌కి గ్రూపుల్లో డప్పు కొట్టడం దేనికి?

ఇంకా సరిగ్గా పరీక్షించని బీటా సాఫ్ట్‌వేర్‌ను ఆన్‌లైన్ గ్రూపులు బాహాటంగా ప్రచారం చేయొచ్చా అని అడిగారు. చేయకూడదు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

బీటాలు వాడొద్దని నేను అనడం లేదు. నేనూ వాడతాను, అందుకోసమే ఒక పాత ఫోన్ పక్కన పెట్టుకున్నాను. నా గొడవంతా ఆ లింకు తెచ్చి వేలమంది ఉన్న గ్రూపులో పడేసి, "సూపర్ స్మూత్‌గా ఉంది, అందరూ వేసేసుకోండి" అని డప్పు కొట్టేవాళ్లతోనే. ఆ వేలమందిలో ఎవరి ఫోన్లో ఏముందో వాళ్లకి తెలియదు. తెలుసుకోవాలనీ ఉండదు.

మా బాబాయి రిటైరయ్యాక ఒక నోట్స్ యాప్‌లో కుటుంబ సంగతులు రాసుకోవడం మొదలుపెట్టాడు. మా నాయనమ్మ చెప్పిన కబుర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారు, అన్నీ. కొన్నేళ్ల రాత అది. ఆ యాప్ కొత్త బీటా వచ్చిందని ఏదో గ్రూపులో పోస్టు చూసి, మా తమ్ముడు, అంటే ఆయన కొడుకు, తన ఫోన్లో వేసుకుని ఊరుకోకుండా వాళ్ల నాన్న ఫోన్లో కూడా వేశాడు. ఫాంటు పెద్దదవుతుందని, చదవడానికి హాయిగా ఉంటుందని. ఉద్దేశం మంచిదే.

కొన్నాళ్లకి బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, పేర్లన్నీ కనిపిస్తున్నాయి గానీ లోపల ఏమీ లేదురా, అన్నీ తెల్ల పేజీలే" అన్నాడు. వెళ్లి చూస్తే నిజమే. టాబ్లెట్‌లోనూ అంతే. తమ్ముడు మాత్రం ధీమాగా ఉన్నాడు. "సింక్ ఉంది కదా అన్నయ్యా, సర్వర్లో ఉంటాయిలే" అంటాడు. సింక్ అంటే బ్యాకప్ కాదురా నాయనా! ఇక్కడ పేజీ ఖాళీ అయితే ఆ ఖాళీనే పట్టుకెళ్లి అన్నిచోట్లా పెడుతుంది. దాని పనే అది. పోనీ బీటా తీసేసి పాత వెర్షన్ వేద్దామంటే, ఈ ఫైళ్లు కొత్త వెర్షన్‌లో తయారయ్యాయి, తెరవడం కుదరదు పొమ్మంది. బీటా తనకి నచ్చినట్టు డేటాబేస్ అమరికనే మార్చేసింది. వెనక్కి వచ్చే దారి లేదు.

అప్పుడు అల్మారాలో బాబాయి పాత లాప్‌టాప్ గుర్తొచ్చింది. అందులోనూ ఇదే యాప్ ఉంది, చాలాకాలంగా దాన్ని ఎవరూ తెరవలేదు. తమ్ముడు గబగబా చార్జర్ పెట్టి ఆన్ చేయబోతుంటే చేయి పట్టుకుని ఆపాను. ముందు రౌటర్ వైరు పీకేశాను. అందరి ఫోన్లలో హాట్‌స్పాట్ ఉందేమో చూసి ఆపించాను. ఎందుకంటే అది ఆన్ అయిన మరుక్షణం నెట్ దొరికిందంటే, ఆ తెల్ల పేజీలన్నీ వచ్చి ఇందులోనూ కూర్చుంటాయి. నెట్ లేకుండా ఆన్ చేసి, యాప్ తెరవకుండానే దాని డేటా ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ తర్వాత తెరిచాం. పాతవన్నీ ఉన్నాయి. బాబాయి నేరుగా నాయనమ్మ చిన్ననాటి సంగతి రాసిన పేజీకి వెళ్లాడు. అది సగంలో ఆగిపోయి ఉంది. మిగతా సగం తర్వాత ఫోన్లో రాశాడట. "మళ్లీ రాయాలన్నమాట, గుర్తుంటేగా" అని విసుక్కున్నాడు.

ఈ విషయం గ్రూపులో పెడితే వచ్చిన జవాబులు చూడాలి. "నాకైతే బాగానే పనిచేస్తోంది బ్రో." "బీటా అని రాసి ఉంది కదా, చూసుకోవాలి." పోస్టు పెట్టిన పెద్దమనిషి అప్పటికే ఇంకో యాప్ మీద పడ్డాడు. ఆ రోజు నుంచి బాబాయి ఏ అప్‌డేటూ వేయనివ్వడు. సెక్యూరిటీ అప్‌డేట్లు వేరు, అవి వేసుకోవాలి అని మొత్తుకున్నా వినడు. నన్నడిగితే పోయిన పేజీల కన్నా ఇదే పెద్ద నష్టం.

సరే, ఎక్కువమంది వాడితేనే కదా బగ్గులు దొరికేది అంటారు. ఇది నేను అస్సలు ఒప్పుకోను. మంది ఎక్కువైతే మజ్జిగ పలుచన అని ఊరికే అనలేదు. 2018 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ 10 అప్‌డేట్, 1809 వెర్షన్, గుర్తుందా? కొంతమంది కంప్యూటర్లలో డాక్యుమెంట్లు, ఫోటోలు తుడిచిపెట్టేసింది. కొన్ని రోజుల్లోనే ఆపేసి, మళ్లీ నవంబర్ 13న విడుదల చేశారు. అసలు సంగతేమిటంటే, ముందుగా వాడి చూసినవాళ్లలో కొందరు ఫైళ్లు పోతున్నాయని అప్పటికే రాసి పెట్టారు. ఆ ఫిర్యాదులకి మిగతా టెస్టర్ల ఓట్లు పెద్దగా పడలేదు కాబట్టి మిగతా ఫిర్యాదుల గుట్టలో కలిసిపోయాయి. తర్వాతే ఫిర్యాదు ఎంత తీవ్రమైనదో చెప్పే వీలు పెట్టారు. టెస్టర్లు తక్కువై కాదు, గోల ఎక్కువై జరిగింది అది.

ఇంకోవైపు 2024 మార్చిలో ఏం జరిగిందో చూడండి. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైళ్లని కుదించడానికి వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. అది డెబియన్ అనే లైనక్స్ రకంలో ఇంకా పరీక్షలో ఉండే అన్‌స్టేబుల్, టెస్టింగ్‌ల దాకా వచ్చేసింది, మామూలు జనం వాడే స్టేబుల్‌లోకి ఇంకా చేరలేదు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే డెవలపర్. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానమొచ్చి తవ్వుకుంటూ పోయాడు. చూసి చూడనట్టు వదిలేసే రకం కాదు. అలాంటివాడు ఒక్కడుంటే చాలు. "స్మూత్‌గా ఉంది" అని కామెంట్ పెట్టి వెళ్లిపోయేవాళ్లు ఎంతమంది ఉంటే ఏం లాభం?

మధ్యలో ఈ వీడియోల వాళ్లొకరు. ఇన్‌స్టాల్ చేసిన పావుగంటకే రివ్యూ! బ్యాటరీ ఎలా ఉందో కూడా చెప్పేస్తారు, ఒక్కసారైనా పూర్తిగా చార్జింగ్ అయిపోతే కదా తెలిసేది. ఆండ్రాయిడ్ బీటా నుంచి మధ్యలో బయటికొస్తే ఫోన్ మొత్తం చెరిగిపోతుందని, ఐఫోన్‌లో బీటా మీద తీసిన బ్యాకప్ పాత ఐఓఎస్ మీదకి ఎక్కదని మాత్రం ఎక్కడో చివర్లో, చకచకా చదివేస్తారు. అసలు ముందు చెప్పాల్సిందే అది. కంపెనీలూ తక్కువ తినలేదు. జీమెయిల్ 2004 ఏప్రిల్‌లో వచ్చి 2009 జూలై దాకా బీటా ముద్రతోనే నడిచింది. ఆ ముద్ర చూసి జనానికి భయం ఎందుకు ఉంటుంది?

మరి టెస్టింగ్ ఎలా అంటారా? నేను చూసుకునే ఒక చిన్న గ్రూపులో బీటా లింకు పెట్టాలంటే మూడు విషయాలు రాయాలి. డేటా పోయే అవకాశం ఉందా, వెనక్కి రావాలంటే ఏం చేయాలి, బగ్ కనిపిస్తే ఎక్కడ చెప్పాలి. ఇవి లేకపోతే పోస్టు తీసేస్తాను. ఉత్సాహం చంపేస్తున్నానని కొందరికి కోపం. బీటా యాప్‌లు పంచడానికి ఆపిల్ పెట్టిన టెస్ట్‌ఫ్లైట్‌లోనే ఒక యాప్‌కి బయటి టెస్టర్లు పదివేల మందికి మించకూడదు, పరీక్షకి ఇచ్చిన ఒక్కో వెర్షన్ 90 రోజులే పనిచేస్తుంది. తయారు చేసేవాళ్లే తలుపు అంతవరకే తెరిచారు. మనం గోడలు కూలగొట్టి జనాన్ని తోలడం దేనికి? డెవలపర్ టెస్టర్లు కావాలని అడిగితే, ఆసక్తి ఉన్నవాళ్లకి విడిగా లింకు పంపిస్తాను. మా తమ్ముడికీ పంపిస్తాను, తన ఫోన్లో వేసుకుంటానంటేనే.